ఆ అద్దాలను తీసి పారేయకండి

సంపాదకులకు నమస్కారం.

ఎనిమిదో తరగతిలో బడి విహారయాత్రకు వెళ్లినప్పుడు చూసిన మాయా అద్దాల గదికి మేం నలుగురు స్నేహితురాళ్లం పోయిన నెల మళ్లీ వెళ్లాం. ఒకామెకు మోకాళ్ల నొప్పులు, ఇంకొకామె చేతిలో కర్ర. అయినా గుమ్మం దాటగానే అందరి కాళ్లూ నాలుగో అద్దం వైపే నడిచాయి.

అది పుటాకార దర్పణం, అంటే లోపలికి గుంటలా వంగిన అద్దం. దూరంగా నిలబడితే తలకిందులుగా కనిపిస్తాం. అడుగు తర్వాత అడుగు ముందుకేస్తే బొమ్మ పెరుగుతూ పోయి ఒకచోట ముఖమంతా అలుక్కుపోతుంది. ఇంకాస్త దగ్గరికెళ్తే మన ముఖమే నిటారుగా, ఇంతింత కళ్లేసుకుని ఎదురొస్తుంది. ఆనాడు కెవ్వుమని వెనక్కి దూకిన మా స్నేహితురాలు ఈసారి కావాలనే ఆరేడుసార్లు ముందుకీ వెనక్కీ నడిచింది. నేను ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పాను. నాభి, వక్రతా కేంద్రం అంటూ నల్లబల్ల మీద బొమ్మ గీసిన ప్రతిసారీ నా కళ్ల ముందు మెదిలింది ఆ అద్దమే.

ఏడింటిలో మూడు అద్దాలు మాత్రం పాడయ్యాయి. మనిషిని పొట్టిగా, లావుగా చూపించే అద్దంలో నల్లమచ్చలు అంచుల నుంచి లోపలికి పాకి, మేం నడుం దాకానే కనిపించాం. పక్క సందులోంచి తొంగి చూశాను. చెమ్మ ఊరే గోడకు ఆనించే బిగించారు. వెనక రంగు పొలుసులుగా లేచి, ముట్టుకుంటే చేతికొచ్చింది. ఈ మూడూ తీసేసి అక్రిలిక్ ప్లాస్టిక్ షీట్లు పెడతారని అక్కడి మనిషి చెబితే నా ప్రాణం ఉసూరుమంది.

దయచేసి ఆ పని చేయొద్దు. గాజు వంపు చెక్కుచెదరలేదు, పోయింది వెనకున్న వెండి పూత ఒక్కటే. సిల్వర్ నైట్రేట్ ద్రావణంలోని వెండిని గాజు మీద పలచగా పేరుకునేలా చేసే పద్ధతిని జర్మన్ రసాయనవేత్త లీబిగ్ 1835లోనే చూపించాడు. పాత పూత తీసేసి అదే గాజుకు కొత్త పూత వేయించవచ్చు. అక్రిలిక్ మీద ఇట్టే గీతలు పడతాయి. ప్రేగ్‌లో 1891 నాటి ప్రదర్శన కోసం కట్టిన అద్దాల చిక్కుదారిని, 1896లో జెనీవా ప్రదర్శనకు తయారై తర్వాత స్విట్జర్లాండ్‌లోనే ఉన్న లుసెర్న్ నగరం చేరిన 90 అద్దాల చిక్కుదారిని ఈనాటికీ జనం చూస్తున్నారు. మన దగ్గరున్నవి ఏడే కదా, వాటిని కాపాడుకోలేమా?

ముందు గోడ చెమ్మ ఆపాలి. అద్దానికీ గోడకీ మధ్య గాలాడే జాగా వదలాలి. పూత వేయించేదాకా ఆ మూడింటినీ గుడ్డ కప్పి భద్రంగా ఉంచాలని నిర్వాహకులను వేడుకుంటున్నాను. ఖర్చులో చేతనైనంత మేం నలుగురం ఇస్తాం. వచ్చే సెలవుల్లో మనవలను తీసుకొస్తామని అక్కడి మనిషికి మాటిచ్చి వచ్చాం.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు