కన్సల్టెన్సీ వాళ్లకూ ఒక నంబర్ ఉండాలి: ముఖ్యమంత్రి గారికి ఒక రిటైర్డ్ కండక్టర్ బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ ముఖ్యమంత్రి శ్రీ ఎ. రేవంత్ రెడ్డి గారికి నమస్కారాలు.

మాది సూర్యాపేట. ఆర్టీసీలో ఇరవై ఆరేళ్లు కండక్టర్‌గా చేసి రిటైరయ్యాను. డబ్బు తీసుకుని పిల్లల విదేశీ చదువుల, వీసాల పనులు చేసిపెట్టే కన్సల్టెన్సీల గురించి ఈ లేఖ. విద్యాశాఖ కూడా మీ దగ్గరే ఉంది కాబట్టి నేరుగా మీకే రాస్తున్నాను.

2025లో మా చిన్నోడికి అమెరికాలో ఎమ్మెస్ సీటు వచ్చింది. కాలేజీ పంపే అడ్మిషన్ పత్రం ఐ-20 కూడా వచ్చింది. వీసా పనులు ఒక కన్సల్టెన్సీకి అప్పగించాం. వీసా మాత్రం రాలేదు. ఆ రోజు నానక్‌రాంగూడలో కాన్సులేట్ బయట, వాడి ఫోను, బ్యాగు పట్టుకుని రోడ్డు పక్కన నిలబడ్డాను. నాలాంటి తండ్రులు ఇంకా చాలామంది ఉన్నారు. ఒకాయన చిలుకూరులో పదకొండు ప్రదక్షిణలు చేసి అటునుంచి అటే వచ్చానన్నాడు. మావాడు క్యూలో గంటన్నర ఉన్నాడు, కిటికీ దగ్గర రెండు నిమిషాలు. బయటికొచ్చి వీసా నిరాకరించే సెక్షన్ 214(బి) అని ఉన్న కాగితం నా చేతిలో పెట్టాడు.

"మీ నాన్న ఏం చేస్తారు?" అని అడిగిందట ఆఫీసర్. "బిజినెస్" అన్నాడట. "ఏం బిజినెస్?" అంటే వీడికి నోరు పెగల్లేదట.

"కండక్టర్ అని చెప్పొచ్చు కదరా" అన్నాను.

"కన్సల్టెన్సీ సార్ వద్దన్నాడు నాన్నా. కండక్టర్ అంటే రిజెక్ట్ చేస్తారన్నాడు."

నిజంగా చూపించుకోవడానికి మాకు ఏమీ లేక కాదు సార్. బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్ మంజూరు చేసింది. నా రిటైర్మెంట్ డబ్బులున్నాయి, రెండెకరాల పొలముంది. అయినా కన్సల్టెన్సీ వాళ్లు ఫండ్స్ మేం చూపిస్తామన్నారు. ఎవరివో డబ్బులు కొన్నాళ్లు మన ఖాతాలో వేసి, బ్యాంకు లెటర్ తీసుకుని, మళ్లీ లాగేసుకుంటారట. దానికి కమీషన్. దానికి నేను ఒప్పుకోలేదు. కానీ మా ఆస్తుల మీద ఆడిటర్ ఇచ్చే సీఏ స్టేట్‌మెంట్‌లో నన్ను వ్యాపారిని చేశారన్న సంగతి వీసా పోయాక గానీ చూసుకోలేదు. సంతకం పెట్టమన్న చోటల్లా పెట్టాను. అది నా తప్పే.

ఆ తర్వాత మావాడూ నేనూ కూర్చుని డీఎస్-160 అనే వీసా అప్లికేషన్ ఫారం మొత్తం చదివాం. చివర్లో ఒక ప్రశ్న ఉంది: ఈ ఫారం నింపడానికి మీకు ఎవరైనా సాయం చేశారా? అవునంటే వాళ్ల పేరు, చిరునామా ఇవ్వాలి. కన్సల్టెన్సీ కుర్రాడు అక్కడ 'నో' అని కొట్టాడు. ఫారం మొత్తం నింపింది అతనే. లాగిన్, పాస్‌వర్డ్ అతని దగ్గరే. సబ్మిట్ నొక్కిందీ అతనే. రికార్డులో మాత్రం అతను లేడు. అందులో ఉన్న ప్రతి మాటకూ, ఆ 'నో'తో సహా, జవాబుదారీ మావాడే.

ఇక్కడ నా ఉద్యోగం సంగతి ఒకటి చెప్పాలి. పది రూపాయల టికెట్ కొట్టినా అది ఏ బస్సులో ఏ కండక్టర్ కొట్టాడో లెక్క దొరుకుతుంది. మీరు తెచ్చిన మహాలక్ష్మి పథకంలో ఆడవాళ్లకు ఇచ్చే జీరో టికెట్ కూడా మిషన్‌లోంచే రావాలి. మధ్యలో చెకింగ్ వాళ్లు ఎక్కి టికెట్ల లెక్కకూ సంచిలో డబ్బుకూ తేడా ఉందంటే నా ఉద్యోగం మీదికే వచ్చేది. లక్షలు తీసుకుని ఒక పిల్లాడి పదేళ్ల భవిష్యత్తును ఫైల్లో పెట్టేవాడికి మాత్రం ఏ నంబరూ లేదు. ఇచ్చిన రసీదు కూడా తెల్లకాగితమే.

214(బి) అయితే మళ్లీ ప్రయత్నించుకోవచ్చు. అబద్ధం చెప్పాడనో దొంగ పత్రం పెట్టాడనో తేల్చారంటే అమెరికా గడప జన్మంతా మూసుకుపోయే ప్రమాదముంది. ఆ సంగతి కన్సల్టెన్సీలో మాకెవరూ చెప్పలేదు. చెప్పింది వేరే. విదేశీ విద్యార్థుల రికార్డు కోసం అమెరికా తీసుకునే సెవిస్ ఫీజు 350 డాలర్లు మళ్లీ కట్టాలన్నారు. వీసా రానివాళ్లు అదే రకం వీసాకు ఏడాదిలోపు మళ్లీ అప్లై చేస్తే ఆ ఫీజు మళ్లీ కట్టనక్కర్లేదు. మావాడే చదివి తెలుసుకున్నాడు. వీసా ఫీజు 185 డాలర్లు మాత్రం పోయినట్టే, అది వెనక్కి రాదు.

అమెరికా వాళ్ల రూల్స్ మీ చేతిలో లేవని తెలుసు. 2025 మే చివర్లో విద్యార్థి వీసా ఇంటర్వ్యూలకు కొత్త స్లాట్లు ఆపేశారు, జూన్ 18న మళ్లీ మొదలుపెడతామన్నారు. ఐదేళ్ల సోషల్ మీడియా ఖాతాలన్నీ ఫారంలో రాయాలి, వాటిని పబ్లిక్‌గా పెట్టాలి అన్నారు. ఆ మూడు వారాలు మా ఇంట్లో అందరికీ టెన్షనే. దానికి మిమ్మల్ని అడిగేదేమీ లేదు. కానీ కన్సల్టెన్సీ బోర్డులు ఉన్నవి అమీర్‌పేటలో, దిల్‌సుఖ్‌నగర్‌లో. అవి మీ పరిధిలోవే.

ఉద్యోగానికి విదేశాలకు పంపే ఏజెంట్లు 1983 నాటి కేంద్ర ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టర్ చేసుకోవాలి. చదువుకు పంపేవాళ్లకు ఆ చట్టం వర్తించదు. పంజాబ్ 2012లోనే సొంతంగా చట్టం చేసుకుంది. అక్కడ వీసా కన్సల్టెన్సీలే కాదు, ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్షకు కోచింగ్ ఇచ్చే సెంటర్లు కూడా లైసెన్స్ తీసుకోవాలి. దాంతో మోసాలు ఆగిపోయాయని నేననను. 2023లో నకిలీ ఆఫర్ లెటర్లతో కెనడాలో ఇరుక్కున్న పంజాబ్ పిల్లల సంగతి పేపర్లలో చదివాం. కానీ అక్కడ తప్పు చేసినవాడి దగ్గర రద్దు చేయడానికి ఒక లైసెన్సయినా ఉంటుంది.

నేను అడిగేది అంతే సార్. మనకూ అలాంటి చట్టం తీసుకురండి. లైసెన్స్ నంబర్ బోర్డు మీద, రసీదు మీద కనబడాలి. ఫారం నింపినవాడు ఆ ఫారంలో తన పేరు రాయాలి. పిల్లల పాస్‌వర్డ్ పిల్లల దగ్గరే ఉండాలి. ఇంతకుమించి ఏం రాయాలో మీ దగ్గరున్న లాయర్లకు బాగా తెలుసు.

మావాడు అడ్మిషన్‌ను జనవరిలో మొదలయ్యే స్ప్రింగ్ సెమిస్టర్‌కు మార్పించుకున్నాడు. ఈసారి ఫారం మేమే నింపుకున్నాం. రెండు రాత్రులు పట్టింది. మీ నాన్న ఏం చేస్తారని మళ్లీ అడిగితే ఏం చెప్తావని నిన్న అడిగాను. "ఆర్టీసీ కండక్టర్, రిటైర్డ్. ఏ డిపో అని అడిగినా చెప్తా" అన్నాడు.

ఇట్లు,
సూర్యాపేట నుంచి ఒక తండ్రి