పుష్కరాల్లో మట్టి బొమ్మలకూ చోటివ్వండి

సంపాదకుల వారికి,

2027 గోదావరి పుష్కరాలకు ఘాట్లు ముస్తాబవుతాయి. సిమెంటు బొమ్మలు, ఫైబర్ బొమ్మలు ఎలాగూ పెడతారు. లంకల్లో కాస్త జాగా మట్టి, వెదురు, కొబ్బరి మట్టలతో చేసే బొమ్మలకు కూడా ఇవ్వమని అడగడానికే ఈ ఉత్తరం.

మొన్న ఎండాకాలం మా రేవు పక్కన నలుగురు కుర్రాళ్లు ఇరవై అడుగుల పులస చేప చేశారు. వెదురు బద్దలు వంచి, కొబ్బరి తాళ్లతో బిగించి, ఒండ్రుమట్టి మెత్తారు. వట్టి ఒండ్రు ఎండితే నెర్రెలిస్తుంది. అందుకని పాతకాలం మట్టిగోడలకు చేసినట్టే ఊక, ఎండుగడ్డి కలిపి, రాత్రంతా నానబెట్టి, కాళ్లతో తొక్కారు. పొలుసులకు కొబ్బరి చిప్పలు గుచ్చారు. సాయంత్రం ఎండ పడితే ఏటికి ఎదురీదుతున్నట్టే ఉండేది. పిల్లల్ని చంకనేసుకుని వచ్చి చూసేవాళ్లు.

తొమ్మిదో రోజు అధికారులు దాన్ని చెత్త అంటూ జేసీబీతో చదును చేయించారు. ఇదేమిటని అడిగితే, ‘ఎలాగూ వరదకు పోయేదే కదా మాస్టారూ’ అన్నారు. వరదకింకా రెండు నెలలుంది! కరిగిపోతుందని తెలిసే చేశారు ఆ కుర్రాళ్లు. ఏరు తీసుకుపోతే ఏ బాధా లేదు.

అమెరికాలోని యూటాలో 1970లో రాబర్ట్ స్మిత్‌సన్ అనే శిల్పి ఉప్పునీటి సరస్సులోకి నల్లరాళ్లతో, మట్టితో 1,500 అడుగుల పొడవున చుట్టలు తిరిగే గట్టు వేశాడు. కొన్నేళ్లకే అది మునిగిపోయింది. సుమారు మూడు దశాబ్దాల తర్వాత నీళ్లు తగ్గితే మళ్లీ తేలింది. చెత్త అని ఎవరూ తీసేయలేదు, ఇప్పుడు దాని మీద నడవడానికే జనం వెళ్తున్నారు. మనకిది కొత్తేం కాదు. చవితి వినాయకుణ్ణి మట్టితో చేసి నీళ్లలో కలుపుతాం. కనుమ నాడు మా కోనసీమలో జగ్గన్నతోట తీర్థానికి వెదురుతో కట్టిన ఎత్తైన ప్రభలను భుజాన మోసుకుంటూ కౌశిక కాలువ దాటిస్తాం.

అధికారులు చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. జాగా ఫలానా అని చెప్పి, వరద వచ్చేదాకా ముట్టుకోబోమని కాగితం మీద రాసివ్వాలి. రంగులు, ప్లాస్టిక్, ఇనప తీగ వద్దనాలి. కుమ్మరివాళ్లకు, కొబ్బరి పీచు పనివాళ్లకు రోజు కూలి ఇచ్చి కుర్రాళ్లతో కలిపి కూర్చోబెట్టాలి. మట్టి పట్టు వాళ్లకు తెలిసినంత మా డ్రాయింగ్ మాస్టర్లకు కూడా తెలియదు.

జేసీబీ కింద నలగని చిప్పలు ఏరి, సంచిలో కట్టి మా అరుగు మీద పెట్టారు ఆ కుర్రాళ్లు. చోటు చూపిస్తే మళ్లీ మొదలుపెడతారు.

– ఒక రిటైర్డ్ డ్రాయింగ్ టీచర్, పి.గన్నవరం మండలం