నువ్వు చెరిపేశానన్నవి చెరిగిపోలేదు

హన్మకొండ,
వేపకాయల బతుకమ్మ నాటి పొద్దున

బావా,

తిట్టుకుంటే తిట్టుకో, ముందు ఇది చదువు. నీ ఉత్తరం వచ్చి ఐదు నెలలు దాటింది. జవాబు రాయకపోవడం నా తప్పే. మధ్యలో రెండుసార్లు కాగితం ముందేసుకుని కూర్చున్నాను, రెండుసార్లూ ఎవరో ఒకరు వచ్చారు. ఇవాళ మాత్రం రాసేదాకా లేవను. నిన్న మధ్యాహ్నం నుంచి ఒక మాట కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఫోన్ చేద్దామని నీ పేరు దాకా వెళ్ళి ఆగిపోయాను. ఫోన్‌లో అయితే నువ్వు సగంలోనే మాట మార్చేస్తావు. ఉత్తరమైతే చింపెయ్యాలన్నా ముందు చదవాలి.

ఇంటి సంగతులు గబగబా చెప్పేస్తాను. బాపుకు కుడికంటి శుక్లం తీశారు, ఇప్పుడు పేపరు తానే చదువుకుంటున్నాడు. పాప ఐదో తరగతికి వచ్చింది. వంటింటి కప్పు కారడం ఆగింది. ఇక చాలు.

మన ఎమ్‌పీత్రీ ప్లేయరు గుర్తుందా? 2008లో కోఠిలో చెరిసగం వేసుకుని కొన్నామే, బొటనవేలంత ఉండేది, పేరూ ఊరూ లేని కంపెనీది. 2 జీబీ. సన్న పెన్సిల్ సెల్లు ఒకటి వేస్తే నడిచేది. నువ్వు నొక్కీ నొక్కీ దాని మీద కూడిక గుర్తు అరిగిపోయింది. ఇన్నేళ్ళూ మా ఇనప్పెట్టెలో, బాపు పాత రశీదుల కింద ఉంది. ఈ బతుకమ్మకు దాన్ని బయటికి తీశాం. తీసింది నేను కాదు, అమ్మ.

ఎందుకంటే పర్కాల వైపు నుంచి పెద్దమ్మ వచ్చింది. ఆమెకు 78 ఏళ్ళు. ఆమెకు వచ్చిన ఉయ్యాల పాటలు కొన్ని మా వాడలో ఇంకెవరికీ మొదటి నుంచి చివరిదాకా రావు. ఒకామెకు మొదలు తెలుసు, ఇంకొకామెకు నడుమ నాలుగు చరణాలు తెలుసు. పెద్దమ్మకే మొత్తం వచ్చు. అవన్నీ రికార్డు చేసి పెట్టుకోవాలని అమ్మ పట్టు. నా ఫోన్ ఇస్తానన్నాను. అమ్మ నవ్వింది. "చప్పట్లు కొట్టేది ఒక్క చేత్తోనా?" అంది. నిజమే. చుట్టూ తిరుగుతూ, వంగి లేస్తూ, రెండు చేతులా చప్పట్లు వేస్తుంటే ఫోన్ పట్టుకునేది ఎవరు? పక్కన ముగ్గులో పెడితే పాట దగ్గరికి వచ్చి, దూరమై, మళ్ళీ దగ్గరికి వస్తుంది. అప్పుడు అమ్మకు ఈ ప్లేయరు గుర్తొచ్చింది. దానికి తాడు ఉంది, మెడలో వేసుకోవచ్చు. ఎర్ర బొత్తాం ఒకటే నొక్కాలి, ఎవరూ ఫోన్ చేయరు. మొదటి రోజు ఎంగిలిపూల నాడు చేసిన రికార్డు విను, నీకు పంపుతాను. పెద్దమ్మ గొంతు ఎదురుగా, చప్పట్లు చుట్టూ, నడుమ అమ్మ గాజులు. ఆ చప్పుడు ఇంకే యంత్రంలోనూ పట్టలేము బావా, వలయం లోపల తిరుగుతున్న మనిషి గుండె మీద ఉండాలి మైకు.

మూడు రోజులు బాగా గడిచాయి. నాలుగో రోజు నానబియ్యం బతుకమ్మ. పెద్దమ్మ తన పెద్ద పాట ఎత్తుకుంది, ముప్పావు గంట పాట. ఇంటికొచ్చి వింటే అందులో పదకొండు నిమిషాలే ఉంది! నీలిరంగు అద్దం మీద 'మెమరీ ఫుల్' అని వెలుగుతోంది. అమ్మ ఏమీ అనలేదు. తాడు తీసి నా చేతిలో పెట్టి, ప్రసాదం సర్దడానికి లోపలికి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే నయంగా ఉండేది.

లెక్క వేశాను. ఆ ప్లేయరు మాటలను వేవ్ ఫైలుగా దాస్తుంది, కుదించదు, నిమిషానికి దగ్గర దగ్గర 2 ఎంబీ తింటుంది. అంటే గంటకు 115. అదే 128 కిలోబిట్ల ఎమ్‌పీత్రీ పాట అయితే నిమిషానికి ఒక్క ఎంబీయే. పెట్టె మీద 2 జీబీ అని రాసినా విండోస్ చూపించేది 1.86, మన లెక్క వెయ్యితో, దాని లెక్క 1024తో. అందులో దాదాపు 1.4 జీబీ నీ పాటలే ఉన్నాయి. 280 పాటలు. నువ్వు హాస్టల్‌లో రాత్రులు మేలుకుని ఎక్కించినవి.

వాటిని చెరిపేశాను బావా. ఐదో రోజు పొద్దున. ఆగు, కోపం తెచ్చుకోకు, చెరిపే ముందు ఆ 280 పాటలూ ల్యాప్‌టాప్‌లోకి దింపుకున్నాను, ఒక్కటీ పోలేదు. ల్యాప్‌టాప్ నా మేనకోడలిది, ఇంజనీరింగ్ రెండో సంవత్సరం, దానిలో విండోస్ బదులు ఉబుంటు నడుస్తుంది. అవును, నువ్వు హాస్టల్‌లో పట్టుబట్టి వేసుకున్నదే. పాటలన్నీ ఎంచి, డిలీట్ నొక్కి, తీగ తీసి అమ్మ మెడలో వేశాను. సాయంత్రం అట్ల బతుకమ్మ. ఎర్ర బొత్తాం నొక్కగానే మళ్ళీ అదే మాట, మెమరీ ఫుల్. 280 పాటలు తీసేస్తే ఒక్క నిమిషం చోటు కూడా రాలేదు.

ఆ రాత్రే ఇంకొకటి జరిగింది. అమ్మ మంచం మీద పడుకుని, మొన్నటి ఎంగిలిపూల పాట విందామని చెవుల్లో పెట్టుకుని ఏదో బొత్తాం నొక్కింది. కాసేపయ్యాక "ఇది వాడి పాట కాదూ?" అంది. ఒక చెవిది తీసి నా చెవిలో పెట్టింది. నువ్వు చెరువుగట్టు పాట అంటావే, అది! పొద్దున నా చేత్తో చెరిపిన పాట. ఒళ్ళు జలదరించింది.

నిద్ర పట్టలేదు. మర్నాడు ఆరో రోజు, అలిగిన బతుకమ్మ. ఆ రోజు బతుకమ్మ పేర్చరు, ఆడరు, అందరూ ఇళ్ళలోనే. ప్లేయరు కూడా అలిగిందనుకుని ఊరుకుందామంటే మనసొప్పలేదు. ఇంకా మూడు రోజులే ఉన్నాయి, సద్దుల తర్వాత పెద్దమ్మ వెళ్ళిపోతుంది. మేనకోడలు స్నేహితురాలి ఇంటికి ల్యాప్‌టాప్ తీసుకుని పోయింది. అందుకని చౌరస్తా దగ్గర ఒక ఇంటర్నెట్ సెంటరుకు వెళ్ళాను. అక్కడి అబ్బాయి ప్లేయరును ఇటూ అటూ తిప్పి చూసి, "ఫార్మాట్ కొడదాం సార్, రెండు నిమిషాల పని" అన్నాడు. చేయి మౌసు మీదకు పోయింది కూడా. నేను అతని మణికట్టు పట్టుకున్నాను. అమ్మ మూడు రోజుల పాటలు అందులోనే ఉన్నాయి, ఇంకెక్కడా లేవు. "ముందు ఏముందో చూద్దాం తమ్ముడూ" అన్నాను.

అక్కడ విండోస్. తెరవగానే, నేను ఇంట్లో చూడని ఫోల్డరు ఒకటి అన్నిటికన్నా పైన కూర్చుని ఉంది. పేరు ముందు ఒక చుక్క, తర్వాత ట్రాష్, అడ్డగీత, 1000. వెయ్యి అనగానే నాకు వేయిస్తంభాల గుడి, నువ్వు లెక్క మొదలుపెట్టి 214 దగ్గర ఆపిన రోజు గుర్తొచ్చి అక్కడే నవ్వొచ్చింది. ఆ అబ్బాయికి ఏమని చెప్పను?

విషయం ఇది. ఉబుంటులో పేరు ముందు చుక్క ఉన్న ఫోల్డరు కంటికి కనబడదు, కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితేనే బయటపడుతుంది. విండోస్‌కు ఆ చుక్క పట్టింపు లేదు, చూపించేస్తుంది. పెన్‌డ్రైవ్ వంటి దాని మీద ఏదైనా డిలీట్ చేస్తే ఉబుంటు దాన్ని నిజంగా తీసెయ్యదు. ఆ డ్రైవ్ మీదే ఒక చెత్తబుట్ట కట్టి అందులో వేస్తుంది, ఎప్పుడైనా కావాలంటావేమోనని. 1000 అనేది ఆ కంప్యూటర్‌లో మొదటి వాడుకరి నంబరు. బుట్ట ఖాళీ చేసేదాకా చోటు రాదు. ప్లేయరుకేమో చుక్కలూ బుట్టలూ తెలియవు, ఏ మూల ఎమ్‌పీత్రీ ఉన్నా వెతికి వినిపిస్తుంది. అందుకే చెరువుగట్టు పాట అమ్మ చెవిలో పడింది. షిఫ్ట్ పట్టుకుని డిలీట్ నొక్కి ఉంటే బుట్టలోకి పోకుండా నేరుగా పోయేది. నొక్కలేదు. నొక్కకపోవడమే మంచిదైంది, ఎందుకో చెబుతాను.

బుట్టలో రెండు అరలు. ఒకదానిలో ఫైళ్ళు. రెండోదానిలో ఒక్కో ఫైలుకు ఒక్కో చీటీ, ఎక్కడి నుంచి తీశారు, ఎప్పుడు తీశారు అని. 280 పాటలకు 280 చీటీలు ఉండాలి. ఉన్నవి 291.

మిగిలిన పదకొండు పాటలు కావు. వేవ్ ఫైళ్ళు. వాయిస్ 003, 004, 007, అలాగ. వాటి మీద తేదీ చూస్తే అర్థం లేనిది, ప్లేయరులో గడియారం లేదు కదా. చీటీ ఒకటి నోట్‌ప్యాడ్‌లో తెరిచాను. మూడు వరసలు, మొదటిది తలకట్టు. రెండో వరసలో ఫైలు పేరు, దాని కింద చెరిపిన సమయం. 2010-11-14, రాత్రి 2 గంటల 17 నిమిషాలు.

ఆ రాత్రి నీకు నేను గుర్తు చేయనక్కర్లేదు. ఎంపిక జాబితాలో నీ పేరు లేని రోజు. తెల్లారి ప్లేయరు నా మంచం మీద పడేసి, "అన్నీ చెరిపేశాను. ఇక ఆ ఊసు ఎత్తకు" అన్నావు. ఎత్తలేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఎత్తలేదు, నీకు తెలుసు. నీ పెళ్ళిలో ఎవరో పాడమంటే నువ్వు లేచి బయటికి వెళ్ళావు, నేను నీ వెనకే వచ్చి వానాకాలం గురించి మాట్లాడాను.

నువ్వు చెరిపింది నీ ల్యాప్‌టాప్‌తో. అందులోనూ ఉబుంటే, నీ నంబరూ 1000. నా మేనకోడలి నంబరూ 1000. అప్పటి నీ బుట్ట, ఇప్పటి నా బుట్ట ఒకటే అయిపోయాయి. ఇనప్పెట్టెలో రశీదుల కింద నీ పదకొండు రికార్డులు కదలకుండా ఉన్నాయి. మ్యూజిక్ మెనూ వేవ్ ఫైళ్ళను చూడదు, వాయిస్ మెనూ తన ఫోల్డరు దాటి వెతకదు, అందుకే ఎవరికీ వినబడలేదు. మేనకోడలు ల్యాప్‌టాప్‌లో 'చెత్తబుట్ట ఖాళీ చేయి' అని ఒక్క నొక్కు నొక్కి ఉంటే... ఆ ఆలోచన వస్తేనే చేతులు చల్లబడుతున్నాయి.

ఒక్కటి విన్నాను. దాచను. 007. అది ఏమిటో తెలియాలి కదా, నిర్ధారణ కావాలి కదా అనుకుంటూ అక్కడే, ఆ సెంటరులో, చెవుల్లో పెట్టుకుని విన్నాను. హాస్టల్ డాబా మీద పాడుతున్నావు. సాధన. ఒక సంగతి దగ్గర మళ్ళీ మళ్ళీ వెనక్కి వెళ్తున్నావు. నా గొంతు ఎక్కడో దూరం నుంచి "బావా, టీ చల్లారుతోంది" అంటోంది. నువ్వు పలకవు. ఇంతలో కాజీపేట వైపు నుంచి గూడ్సు బండి వచ్చింది, పెట్టెలన్నీ ఒకదాని వెనక ఒకటి చప్పుడు చేసుకుంటూ. నువ్వు ఆపావు. అంత పొడవు బండీ వెళ్ళేదాకా నిలబడ్డావు, నీ ఊపిరి వినిపిస్తోంది. చివరి పెట్టె దాటగానే, ఆపిన చోటే, ఆపిన శ్రుతిలోనే అందుకున్నావు. వెంట్రుకవాసి తేడా లేదు.

మిగతా పది నేను వినలేదు. నువ్వు సరే అనేదాకా వినను, ఒట్టు. నువ్వు చెరిపెయ్యాలనుకున్నవాటిని నీ మాట లేకుండా వినడం నాకు చేతకాదు. అయితే పారేయడం కూడా నాకు చేతకాదు. అక్కడే పదకొండింటినీ నా పెన్‌డ్రైవ్‌లోకి దింపాను, రాత్రి ఇంటికొచ్చి ల్యాప్‌టాప్‌లో ఇంకో ప్రతి పెట్టాను. ఆ తర్వాతే బుట్ట ఖాళీ చేశాను. అంకె చూస్తుండగానే మారింది, దాదాపు ఒకటిన్నర జీబీ చోటు. అమ్మకు పన్నెండు గంటలకు పైగా పాట పడుతుంది. ఇకమీదట ఏ రోజు పాటలు ఆ రోజే దింపుతాను, మాతృక అలాగే ఉంచి, ఒక ప్రతిని 64 కిలోబిట్ల ఎమ్‌పీత్రీగా చేస్తే నాలుగో వంతుకు వస్తుంది, గొంతు పెద్దగా చెడదు.

పెద్దమ్మ తన పెద్ద పాట మళ్ళీ పాడతానంది. ఇవాళ కాదు, సద్దుల నాడు పద్మాక్షి గుట్ట దగ్గర, అందరి నడుమ. అమ్మ నాలుగు కొత్త సెల్లులు తెప్పించింది.

నీ వాటి సంగతి అమ్మకు చెప్పాను. చెప్పకూడదా? చెవిలో నీ పాట విన్నది తనే కదా. అమ్మ కాసేపు ఊరుకుని, "ఇప్పుడు పాడుతున్నాడా?" అని అడిగింది. తెలియదన్నాను. నిజంగా నాకు తెలియదు బావా. పుణెలో ఇంట్లో ఎవరూ లేనప్పుడైనా, స్నానాల గదిలోనైనా... చెల్లెలిని అడిగితే చెబుతుందేమో, అడగను, నిన్నే అడుగుతున్నాను. ఆ బండి దాటాక నువ్వు అందుకున్న తీరు విన్నాక నాకు ఒకటి అనిపించింది, అది రాయాలా వద్దా అని పొద్దుటి నుంచి...

అమ్మ పిలుస్తోంది. గునుగు పువ్వు సరిపోలేదట, తంగేడు కూడా తక్కువైందట, ఊరి బయటికి స్కూటరు మీద వెళ్ళి తేవాలి. ఆలస్యమైతే చేలగట్ల మీద మిగలదు. దారిలోనే పోస్టు డబ్బా, వాళ్ళు తీసుకెళ్ళే లోపు వేసేస్తాను. పెన్‌డ్రైవ్ పంపనా? అవును అనో కాదు అనో ఒక్క ముక్క

నీ
బావ