మార్పులు చేసిన పాత కార్లను పరీక్షించి పత్రాల్లో రాయండి

సంపాదకులు గారికి,

నమస్కారం. పాత విదేశీ కార్లకు ఇష్టమొచ్చిన మార్పులు చేసుకుని తిరిగేవాళ్ల వల్ల మిగతావాళ్ల ప్రాణాల మీదికి వస్తోందని, అలాంటి బండ్లను అసలు రోడ్డెక్కనివ్వకూడదని ఈమధ్య మీ లేఖల శీర్షికలో ఒక పాఠకుడు రాశారు. ఆయన భయంలో నిజముంది. సైలెన్సర్ పీకేసిన కారు అర్ధరాత్రి వీధిలోంచి పోతే నాకూ నిద్ర పాడవుతుంది. కానీ మొత్తంగా నిషేధిస్తే రోడ్డు సురక్షితమవుతుందన్న మాట ఒప్పుకోలేను. ఎందుకో నా కారు కథే చెప్తాను.

నా దగ్గర 1989 నాటి ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ ఉంది, రెండో తరానిది. 1983 నుంచి 1992 దాకా ఆ తరం కార్లు 60 లక్షలకు పైగా తయారయ్యాయి కాబట్టి అదేమీ అపురూపమైన బండి కాదు. బానెట్ ఎత్తితే ఏ పైపు ఎక్కడికి పోతుందో కంటికి కనిపిస్తుంది. నాలాంటివాడు పుస్తకం ముందు పెట్టుకుని పని నేర్చుకోగలిగింది అందుకే.

కొన్నప్పుడు అది నేలకు అంటుకున్నట్టు, చూడటానికి ముచ్చటగా ఉండేది. ఇంటికి తెచ్చి జాకీ మీద ఎత్తాక గుండె ఆగినంత పనైంది. ఎవరో స్ప్రింగులను చుట్టున్నర మేర కోసేశారు. చక్రం గాల్లోకి లేవగానే ముందు స్ప్రింగు తన చోటు నుంచి జారి వదులుగా ఊగింది. వెనక సంగతి ఇంకా ఘోరం. నా కారులో వెనక ఇరుసు దగ్గర ఒక వాల్వు ఉంది. మనుషులు, సామాను ఎక్కితే బాడీ కిందికి దిగుతుంది కదా, దాన్నిబట్టి ఆ వాల్వు వెనక బ్రేకులకు ఒత్తిడి పెంచుతుంది. స్ప్రింగు కోసి బాడీని దించేస్తే, ఖాళీ కారు కూడా దాని లెక్కలో నిండు కారే. తడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు తొక్కితే వెనక చక్రాలు ముందే బిగుసుకుని బండి గిర్రున తిరిగిపోతుంది. అంతకు కొద్ది నెలల ముందే ఆ కారు, అవే స్ప్రింగులతో, ఫిట్‌నెస్ పరీక్ష పాసైంది. లైట్లు వెలిగాయి, హారన్ మోగింది, పొగ హద్దులో ఉంది. కారు కిందికి ఎవరూ వంగి చూడలేదు.

నేను కొలతకు తగిన స్ప్రింగులు, షాక్ అబ్సార్బర్లు వేయించి, వాల్వును సరిచేయించాను. ఆ తర్వాత బ్రేకుల మీద పడ్డాను. నా మోడల్‌కు కంపెనీ ఇచ్చిన ముందు బ్రేకు డిస్కులు 239 మిల్లీమీటర్లవి. డిస్కు పెద్దదైతే బ్రేకు పట్టు పెరుగుతుంది. ఇదే తరంలో, ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టి శక్తి పెంచే సూపర్‌చార్జర్‌తో వచ్చిన జీ60 మోడల్‌కు అదే కంపెనీ 280 మిల్లీమీటర్ల డిస్కులు ఇచ్చింది. ఆ డిస్కులు, కాలిపర్లు, మాస్టర్ సిలిండర్ వెతికి తెచ్చి అనుభవమున్న మెకానిక్‌తో వేయించాను. చిన్న చక్రాల్లో అవి పట్టవు కాబట్టి 15 అంగుళాల చక్రాలు వేసి, స్పీడోమీటర్ తప్పు చూపించకుండా టైరు బయటి కొలత మారనివ్వలేదు. తర్వాతి పరీక్షలో కారు ఫెయిలైంది. రిజిస్ట్రేషన్ పత్రంలో లేని భాగాలున్నాయన్నది కారణం. బ్రేకు బలం కొలిచే రోలర్ల మీదికి కారును ఎక్కించనే లేదు.

అక్కడి అధికారిని నేను తప్పుపట్టను. ఆయన ఫారంలో ఉన్నవి రెండే గడులు, మార్పు ఉంది, మార్పు లేదు. ఆ మార్పు బాగుందా, ప్రమాదమా అని రాసే చోటు అందులో లేదు. కంటికి ఆనని కోసిన స్ప్రింగు దాటిపోయింది, కంటికి ఆనిన మంచి బ్రేకు దొరికిపోయింది.

ఈ చిక్కుకు జర్మనీలో ఎప్పుడో దారి చూశారు. అక్కడ టీయూవీ లాంటి వాహన తనిఖీ సంస్థల ఇంజినీర్లు మార్చిన భాగం తాలూకు పరీక్ష నివేదిక చూస్తారు. అది లేకపోతే ఆ కారునే విడిగా పరిశీలిస్తారు. టైరు ఎక్కడైనా రాసుకుంటోందా, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ఏదైనా తగులుతోందా అని చూసి, సరిపోతే ఆ మార్పును కారు పత్రాల్లో ఎక్కిస్తారు. తర్వాత దారిలో ఆపిన పోలీసుతో వాదన ఉండదు, కాగితం చూపిస్తే చాలు. 30 ఏళ్లు దాటి, అసలు రూపానికి దగ్గరగా, మంచి స్థితిలో ఉన్న కారుకు నంబరు చివర, చారిత్రక వాహనమని తెలిపే హెచ్ అక్షరం ఇచ్చే పద్ధతి కూడా 1997 నుంచి అక్కడ ఉంది. ఆ గౌరవం దక్కిన కారైనా రెండేళ్లకోసారి పరీక్షకు రావాల్సిందే.

బ్రిటన్ ఇంకో దారి పట్టింది. 2018 నుంచి, 40 ఏళ్లు దాటి పెద్ద మార్పులేవీ లేని కార్లకు ఏటా చేసే పరీక్ష తప్పనిసరి కాదు. పాత కార్ల మీద ప్రేమ ఉన్న నాకే ఇది నచ్చదు. రబ్బరు బ్రేకు పైపు పైకి నిగనిగలాడుతూనే లోపల ఉబ్బి మూసుకుపోతుంది. తుప్పు డోరు కింది పట్టీల లోపలి నుంచి తింటూ వస్తుంది, రంగు పొంగేసరికి లోపల రేకే మిగలదు. నేను బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మారుస్తాను, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి. అందరూ మారుస్తారని ఎలా నమ్మాలి? వయసు చూసి వదిలేయడం, వయసు చూసి తీసేయడం, రెండింట్లోనూ కారును చూడటం మానేస్తున్నాం.

నా తోటి అభిమానుల్లో కొందరికి కోపం వచ్చినా ఒక మాట చెప్పాలి. పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌తో వచ్చిన కారుకు దాన్ని తీసేసేవాళ్లను, హాలోజన్ బల్బు కోసం చేసిన హెడ్‌లైట్‌లో వేరే రకం బల్బు బిగించి ఎదుటివాళ్ల కళ్లు చెదరగొట్టేవాళ్లను నేను సమర్థించను. ఆ పాఠకుడి కోపానికి సగం కారణం వీళ్లే. అలాంటి మార్పును పరీక్షలోనే పట్టుకుని, సరిచేసేదాకా కారును ఆపేయాలి.

రవాణా అధికారులను, చట్టం చేసేవాళ్లను నేను అడిగేది ఒక్కటే. మార్పు చేసిన కారును లిఫ్టు మీద ఎత్తి చూడగల, రోలర్ల మీద బ్రేకులు కొలవగల ఇంజినీరు దగ్గరికి పంపే వీలు కల్పించండి. పాసైతే పత్రంలో రాయండి, లేకపోతే తిప్పి పంపండి. దానికయ్యే ఫీజు కారు యజమానే కట్టుకుంటాడు, నేను సంతోషంగా కడతాను.

ప్రస్తుతం నా గోల్ఫ్ మళ్లీ 239 మిల్లీమీటర్ల డిస్కులతోనే నడుస్తోంది, మొన్న పరీక్ష కూడా పాసైంది. ఆ 280 డిస్కులు తుప్పు పట్టకుండా నూనె రాసి, గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాను.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు