బేస్‌బాల్ స్కోరు పక్కన మైదానం పేరు కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

మన పత్రికల క్రీడా పేజీల్లో అప్పుడప్పుడు వచ్చే అమెరికా బేస్‌బాల్ వార్తల్లో జట్ల పేర్లు, స్కోరు, హోమ్‌రన్‌ల (బంతిని కంచె దాటించిన దెబ్బల) లెక్క ఉంటాయి. ఆట ఏ మైదానంలో జరిగిందన్నది మాత్రం తరచూ కనిపించదు. ఆ ఒక్క ముక్క లేకపోతే మిగతా అంకెలు చదివినా పెద్దగా ఏమీ తెలియదు.

పరుగు కోసం వరసగా తాకాల్సిన గుర్తులైన బేస్‌ల మధ్య 90 అడుగులు, పిచర్ (బంతి విసిరే ఆటగాడు) కాలు మోపే పలక నుంచి బ్యాటర్ నిలబడే చోటైన హోమ్ ప్లేట్‌కు 60 అడుగుల 6 అంగుళాలు. ఈ కొలతలు ఎక్కడా మారవు. బయటి కంచె మాత్రం ఏ ఊరిది ఆ ఊరిదే. బోస్టన్‌లోని ఫెన్‌వే పార్క్‌లో మైదానం ఎడమ హద్దు గీత వెంట హోమ్ ప్లేట్ నుంచి 310 అడుగులకే హద్దు వచ్చేస్తుంది, కానీ అక్కడున్నది 37 అడుగుల గోడ. ఎత్తుగా లేపిన బంతి ఒక మోస్తరుగా తగిలినా దాన్ని దాటుతుంది. గట్టిగా కొట్టినా నేలకు సమాంతరంగా దూసుకెళ్లిన బంతి గోడకు తగిలి వెనక్కొస్తుంది.

అన్నిటికంటే చిక్కైన మైదానం కొలరాడో రాకీస్ జట్టుది. 1995 నుంచి ఈ జట్టు డెన్వర్‌లోని కూర్స్ ఫీల్డ్‌లో ఆడుతోంది. ఆ ఊరు సముద్ర మట్టానికి మైలు ఎత్తున ఉంది. స్టేడియం పై అంతస్తులో 20వ వరస కుర్చీలకు ఊదా రంగు వేశారు, 5,280 అడుగుల ఎత్తు అక్కడికి సరిపోతుందని గుర్తుగా. హిమాచల్ కొండల్లోని ధర్మశాల క్రికెట్ మైదానంలో బంతి ఎక్కువ దూరం పోతుందని మన వ్యాఖ్యాతలు చెప్పడం విన్నవాళ్లకు సంగతి సులువుగానే అర్థమవుతుంది. డెన్వర్ గాలి సాంద్రత సముద్ర తీరంలో ఉండేదానిలో సుమారు 82 శాతమే. తీరంలో 400 అడుగుల దగ్గర పడే బంతి అక్కడ దాదాపు మరో 20 అడుగులు పోతుంది. పిచర్‌కు ఇంకో కష్టం కూడా ఉంది. బంతి వంపు తిరగాలంటే గాలి ఆనుకోవాలి. గాలి పలచబడేసరికి ఆ వంపు దాదాపు ఐదో వంతు తగ్గిపోతుంది.

దీనికి మొదట తట్టిన మందు కంచెను వెనక్కి జరపడం. ఎడమవైపు 347 అడుగులు, మధ్యలో 415, కుడివైపు 350. అయితే కంచె వైపు కాపలా కాసే ఫీల్డర్లు అక్కడా ముగ్గురే. వాళ్లు వెనక్కి వెళితే ముందు ఖాళీ, ముందుకొస్తే తల మీదుగా బంతి. హోమ్‌రన్‌లను ఆపబోతే రెండేసి, మూడేసి బేస్‌ల హిట్లు పెరిగాయి. హోమ్‌రన్‌లూ ఆగలేదు. 1999లో ఆ ఒక్క మైదానంలోనే 303 నమోదయ్యాయి.

రెండో మందు 2002లో వచ్చింది. బంతి లోపల కార్క్, రబ్బరు గుండు, దాని చుట్టూ ఉన్ని దారం, పైన ఆవు తోలు. డెన్వర్ పొడి గాలిలో ఉన్నీ తోలూ తేమ కోల్పోయి బంతి తేలికపడేది, బిగుసుకుని ఎక్కువగా ఎగిరేది, వేళ్లకు జారేది. ఎండకు తోలు బూట్లు బిగుసుకుపోవడం చూసిన స్టేడియం సిబ్బందిలో ఒకరికి బంతులను తేమలో ఉంచాలన్న ఆలోచన తట్టిందట. అప్పటి నుంచి బంతులను తేమ, ఉష్ణోగ్రత అదుపులో ఉండే గదిలో నిల్వ చేస్తున్నారు. హోమ్‌రన్‌లు తగ్గాయి. కానీ ఆ గది బంతిని మారుస్తుందే తప్ప గాలిని మార్చలేదు, అందుకే అక్కడ పరుగులు ఇప్పటికీ ఎక్కువే. 2022 నుంచి 30 జట్ల మైదానాల్లోనూ ఇలాంటి గదులు తప్పనిసరి. ఉక్క ఎక్కువగా ఉండే ఊళ్లలో మాత్రం అదే గది బంతిలోని తేమను తగ్గిస్తుంది, ఫలితం తలకిందులవుతుంది.

మైదానం ప్రభావాన్ని లెక్కించడం మీ డెస్క్‌కు కష్టం కాదు. ఒక జట్టు సొంతగడ్డ మీద ఆడే 81 ఆటల్లో రెండు జట్లూ చేసిన పరుగులను, బయట ఆడే 81 ఆటల్లో రెండు జట్లూ చేసిన పరుగులతో భాగించండి. ఉదాహరణకు ఇంట్లో 900, బయట 720 అయితే 1.25. అంటే ఆ మైదానం పరుగులను పాతిక శాతం పెంచుతోందన్నమాట. ప్రత్యర్థి పరుగులను కలపడం మరిచిపోతే వచ్చేది జట్టు బలం, మైదానం స్వభావం కాదు. ఒక్క సీజన్ అంకెను నమ్మకండి, మూడేళ్ల సగటు మేలు.

అమెరికా స్కోరుల్లో రెండో పేరు ఆతిథ్య జట్టుది. దాన్నిబట్టి మైదానం ఊహిస్తే సరిపోతుందనుకుంటే పొరపాటే. 2024 అక్టోబరులో మిల్టన్ తుపాను సొంత స్టేడియం పైకప్పును చీల్చేయడంతో టాంపా బే రేస్ జట్టు 2025లో తన ఇంటి ఆటలను న్యూయార్క్ యాంకీస్ జట్టు శిక్షణ మైదానమైన స్టెయిన్‌బ్రెన్నర్ ఫీల్డ్‌లో ఆడింది. అథ్లెటిక్స్ జట్టు 2024తో ఓక్లండ్‌ను వదిలి 2025లో వెస్ట్ శాక్రమెంటోలోని సట్టర్ హెల్త్ పార్క్‌కు మారింది. ఇప్పుడు ఆ జట్టు పేరులో ఊరే లేదు. కాబట్టి ‘ఓక్లండ్ అథ్లెటిక్స్’ అని వేయకండి. స్కోరు చివర మైదానం, ఊరు చేర్చండి చాలు.

ఇట్లు,
మీ పాఠకుడు,
విజయవాడ