ఫ్లైట్ స్టిక్ ఆర్డర్ చేసే ముందు ఒక్క మాట

ఈ మధ్య మాకు వస్తున్న ఆర్డర్లలో ఎక్కువ భాగం ఫ్లైట్ స్టిక్‌లే, అంటే విమానం గేములు ఆడటానికి వాడే జాయ్‌స్టిక్‌లే. అందరూ అడిగేది ఒక్కటే: ఏస్ కాంబాట్ 7 అనే యుద్ధవిమానాల గేమ్ ఆడాలి, మంచి స్టిక్ పంపండి అని. ఇకనుంచి ఆర్డర్ రాగానే పంపేయకుండా ముందు మీతో మాట్లాడతాం. దీనివల్ల అమ్మకాలు తగ్గుతాయని తెలుసు. కానీ కొన్న స్టిక్ అటకెక్కితే మాకూ బాధగానే ఉంటుంది.

మాట్లాడేటప్పుడు మొదట అడిగేది కన్సోల్ ఏదని. ప్లేస్టేషన్ కోసం చేసిన టి.ఫ్లైట్ హోటాస్ 4 (స్టిక్, వేగం మార్చే థ్రాటిల్ కలిసిన సెట్) ఎక్స్‌బాక్స్‌లో పనిచేయదు. ఎక్స్‌బాక్స్‌కైతే హోటాస్ వన్ కావాలి. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి కాబట్టి పెట్టె మీది పేరు తప్పకుండా చదవండి.

రెండోది, మామూలు ప్యాడ్‌తో గేమ్ సెట్టింగుల్లో స్టాండర్డ్ బదులు ఎక్స్‌పర్ట్ కంట్రోల్స్ పెట్టి ఆడి చూశారా? 2019లో వచ్చిన ఈ గేమ్‌ను చాలామంది స్టాండర్డ్‌లోనే ఆడి, విమానం మాట వినడం లేదని స్టిక్ కోసం చూస్తున్నారు. స్టాండర్డ్‌లో ప్యాడ్ మీది ఎడమ స్టిక్ పక్కకు నెడితే విమానం తనంతట తానే మలుపు తీసుకుంటుంది. ఎక్స్‌పర్ట్‌లో అదే స్టిక్ రెక్కల్ని వాలుస్తుంది, అంతే. మలుపు తిరగాలంటే ముందు పక్కకు వాల్చి, తర్వాత స్టిక్‌ను మీవైపు లాగాలి. మొదట్లో తల తిరిగిపోతుంది. చెయ్యి అలవాటుపడ్డాక మిసైల్ హెచ్చరిక మోగినప్పుడు తేడా తెలుస్తుంది. నేరుగా పారిపోవడం మానేసి, రెక్కలు నిలువుగా వాల్చి, మిసైల్ వచ్చే దారికి అడ్డంగా తిరిగేలా స్టిక్‌ను గట్టిగా లాగుతారు. రెండు ట్రిగ్గర్లూ కలిపి నొక్కితే మలుపు ఇంకా బిగుస్తుంది, కానీ వేగం పడిపోతుంది. మేఘాల్లో దూరితే శత్రువు గురి తప్పుతుంది గానీ, అక్కడే ఉండిపోతే విమానం మీద మంచు పేరుకుంటుంది. ఇవన్నీ ప్యాడ్‌తోనే నేర్చుకోవచ్చు.

టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేశారో లేదో కూడా చూడండి. అది ఆన్‌లో లేకపోతే, బొమ్మను నున్నగా చేసే సెట్టింగుల వల్ల మీరు నొక్కింది తెరమీద ఆలస్యంగా కనిపిస్తుంది. ఎదుటి విమానం మీద గురి నిలబెట్టాల్సిన ఆటలో ఆ ఆలస్యం చాలా ఇబ్బంది పెడుతుంది.

ఇవన్నీ చేశాక కూడా స్టిక్ కావాలనిపిస్తే సంతోషంగా పంపుతాం. థ్రాటిల్ ఎడమ చేతిలో ఉంటే వచ్చే మజా వేరు, అందులో సందేహమే లేదు. కొనేముందు వాడి చూడటానికి అద్దెకు కూడా ఇస్తాం.

ఇక రిపేర్ల సంగతి. ప్యాడ్ మీది స్టిక్ వదిలేసినా విమానం ముక్కు తనంతట తానే కిందికి జారుతోందని చాలామంది ప్యాడ్‌లు పంపారు. ప్యాడ్‌లోని మామూలు స్టిక్ లోపల కార్బన్ పొర మీద రాసుకుంటూ తిరిగే భాగం ఉంటుంది, వాడేకొద్దీ అది అరుగుతుంది. ఇతర గేముల్లో బయటపడని చిన్న డ్రిఫ్ట్ (ముట్టుకోకపోయినా స్టిక్ కదిలినట్టు తోచడం) కూడా ఇలాంటి గేములో వెంటనే తెలిసిపోతుంది. అయస్కాంతంతో పనిచేసే హాల్ ఎఫెక్ట్ మాడ్యూల్స్‌లో ఆ రాపిడి ఉండదు కాబట్టి అవే వేస్తున్నాం. కొత్త సరుకు ఇంకా మా చేతికి రాలేదు, అందుకే రిపేర్లు ఆలస్యమవుతున్నాయి. వేచి ఉండలేనివాళ్ళకు మామూలు మాడ్యూల్ వేసి ఇస్తాం, అది మళ్ళీ అరగొచ్చని ముందే చెబుతున్నాం. ఏది కావాలో ఒక మెసేజ్ పెట్టండి. ప్యాడ్‌లు ఏ వరుసలో వచ్చాయో ఆ వరుసలోనే చేస్తాం.