పండుగ దీపాలు పాత బజారుకూ కావాలి

తిరుపతి నగరపాలక సంస్థ కమిషనర్ గారికి,

నమస్కారం. బ్రహ్మోత్సవాలు వస్తే మన ఊరి ప్రధాన రోడ్ల మీద విద్యుత్ తోరణాలు లేస్తాయి. శంఖుచక్రాలు, తిరునామాలు మెరుస్తుంటే కొండకు వెళ్లే భక్తులకు కన్నుల పండుగే. స్టేషన్‌కు కూతవేటు దూరంలో ఉన్న గాంధీరోడ్డు, తీర్థకట్ట వీధి, చిన్నబజారు వీధులకు మాత్రం ఆ సంబరం అంతగా అందదు. ఈ ఏడు అలంకరణకు కొంత సొమ్ము కేటాయించి, దసరా నుంచి సంక్రాంతి దాకా ఈ వీధుల్లో దీపాలు వెలిగించమని నా విన్నపం.

నేను ఇత్తడి సామాను అమ్ముకునేవాణ్ణి. సాయంత్రం గోవిందరాజస్వామి దర్శనం చేసుకుని దంపతులొకరు ఇటు వస్తారు. ఆయన నున్నటి గుండుకు గంధం, చేతిలో లడ్డూల సంచి. ఆవిడ కుందిని చేతిలోకి తీసుకుని బరువు చూస్తుంది, గోటితో మీటి మోత వింటుంది. కొనే మనిషే. ఈలోగా ఆయన వీధి చివరి చీకటి చూసి, గడియారం చూసి, ‘రైలుకు వేళవుతోంది, పద’ అంటాడు. రైలుకు ఇంకా రెండు గంటలుంటుంది! ఆ రెండు గంటలూ ప్లాట్‌ఫారం మీద కూర్చుని, ఊరికి వెళ్లాక అదే కుందిని ఫోనులో తెప్పించుకుంటారు.

‘ముందు కాలువలు బాగుచేయించండి, దీపాలెందుకు’ అనేవాళ్లున్నారు. కాలువలు ఎలాగూ చేయించవలసినవే. దాని పద్దు వేరు. పైగా దీపాలొక్కటే చాలవు కూడా. సాయంత్రం ఆరు నుంచి పది వరకు గాంధీరోడ్డులోకి బండ్లు రానివ్వకూడదు, ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్డి ఉండాలి. నడవడానికి చోటు లేని వీధిలో ఎన్ని దీపాలు పెట్టినా బేరం పెరగదు. మైసూరు దసరాకు వెళ్లినవాళ్లను అడగండి, చీకటి పడ్డాక దీపాలు చూడటానికే జనం వీధుల్లో తిరుగుతారు. తిరిగే జనమే కొంటారు.

సొమ్ము సంగతికి వస్తాను. లండన్‌లోని రీజెంట్ స్ట్రీట్‌లో 1954లో మొదటిసారి క్రిస్మస్ దీపాలు పెట్టినప్పుడు ఖర్చు భరించింది అక్కడి దుకాణదారులే. మేమూ మా వంతు వేసుకుంటాం. కానీ ఆస్తి పన్ను, ట్రేడ్ లైసెన్సు రుసుము కడుతున్నవాళ్లం కనుక మొదటి వాటా సంస్థది కావాలి. పూలమ్మే ఆవిడ దగ్గర, గాజుల బండి దగ్గర చందా వసూలు చేయవద్దు. సుందరీకరణ పేరుతో వాళ్లను లేపేయనూ వద్దు. వీధి వ్యాపారుల రక్షణకు 2014లో చట్టమే వచ్చింది.

ఏటా అద్దెకు సీరియల్ సెట్లు తెచ్చి డబ్బు తగలేయకండి. ఒకసారి మంచి ఎల్ఈడీ తోరణాలు కొని దాచుకుంటే దీపావళికి, తిరుచానూరు కార్తిక బ్రహ్మోత్సవాలకు, వైకుంఠ ఏకాదశికి, సంక్రాంతికి అవే పనికొస్తాయి. అధిక మాసం వచ్చిన ఏడు తిరుమలలో బ్రహ్మోత్సవాలే రెండుసార్లు. మన వైపు ఇళ్లలో దసరాకు బొమ్మల కొలువు పెడతారు కదా, గాంధీరోడ్డు మొదట్లో ఊరందరి కోసం ఒక పెద్ద కొలువు పెట్టించండి. మాధవమాలలో కొయ్యబొమ్మలు చెక్కేవాళ్లున్నారు, శ్రీకాళహస్తిలో కలంతో కలంకారీ గీసేవాళ్లున్నారు. బొమ్మలు వాళ్లవి, గుడ్డ తోరణాలు వీళ్లవి. ఆ తోరణాల మీద నాయకుల ముఖాలు మాత్రం వద్దు. ఏ పార్టీవారివైనా సరే, వాటిని చూసి ఎవరూ చీర కొనరు.

టెండర్లు, అనుమతులు అంటూ దసరా ముందురోజు దాకా లాగితే పని జరగదు. వినాయక చవితి లోపే ఒక సాయంత్రం మీరు, విద్యుత్ విభాగం ఇంజనీరు, ట్రాఫిక్ పోలీసు అధికారి కలిసి ఈ వీధుల్లోకి రండి. ఎక్కడ స్తంభం కావాలో, ఎక్కడ తీగలు వేలాడుతున్నాయో మేమే వెంట ఉండి చూపిస్తాం. నడిచే రండి. ఆ వేళప్పుడు మీ కారు ఎలాగూ ఇటు పట్టదు.

ఇట్లు,
గాంధీరోడ్డులో ఒక ఇత్తడి సామాను వ్యాపారి